అయ్యవారు కట్టని తెర

మా పైఅంతస్తులో ఉండే పిల్ల నిన్న మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని దిగి వచ్చింది. ఇంటర్ చదువుతోంది. నాటకం పాఠం మీద చిన్న ప్రశ్నలు వస్తాయట. కరెంటు లేదు. నేను గుమ్మం దగ్గర చాప వేసుకుని, విసనకర్ర ఊపే ఓపిక కూడా లేక పడుకుని ఉన్నాను. ఈ మధ్య నాకు అన్నిటికీ ఓపిక తక్కువే. పిల్లలు వస్తే సంతోషం, తొందరగా వెళ్లిపోతే ఇంకా సంతోషం.

"అవ్వా, నాంది అంటే ఏమి రాయాల? స్వగతం అంటే? అంకానికీ రంగానికీ తేడా ఏంది?" అని వరసగా అడిగింది.

బతుకంతా బడిలో తెలుగు చెప్పినదాన్ని. కళ్లు మూసుకునే చెప్పాను. నాటకం మొదట్లో చేసే ప్రార్థన నాంది. పాత్ర తనలో తాను అనుకునే మాట స్వగతం. కథలో పెద్ద భాగం అంకం, అందులో చిన్న భాగం రంగం. ఆ పిల్ల రాసుకుంటూ పోయింది. చివరికి "తెర అంటే?" అంది.

"ఆడేవాళ్లకూ చూసేవాళ్లకూ మధ్య కట్టే గుడ్డ."

"అంతేనా?"

"అంతే. రెండు మార్కులకు అది చాలు. పోయి చదువుకో."

పిల్ల పోయింది. నాకు మాత్రం కన్ను మూతపడలేదు. ఎన్ని వందల మంది పిల్లలకు ఆ వాక్యం చెప్పి ఉంటానో నాకే తెలియదు. నేను చూసిన మొదటి తెర ఏ గుడ్డతో కట్టిందో మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఎవరికీ నొప్పి లేదు. నొచ్చుకోవలసిన వాళ్లంతా వెళ్లిపోయారు.

మాది మైదుకూరు దగ్గర నేతపని వాళ్ల ఊరు. మా వీధిలో ప్రతి ఇంటికీ ఒక గుంట మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని మా నాయన నేసేవాడు. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పట్టించేవాళ్లు. ఆ పుల్లటి గంజి వాసన, తడి నూలు వాసన ముక్కుకు తగిలితేనే నాకు మెలకువ వచ్చేది. బడికి పోవాలంటే ఆ దారాల కింద వంగి, తగలకుండా దాటుకుంటూ పోవాలి. తగిలితే ఏదో ఒక ఇంట్లోంచి తిట్టు వినబడేది.

ఆ ఎండాకాలం నూలు రాలేదు. సొసైటీ వాళ్లు ఈ వారం, వచ్చే వారం అంటూ నెట్టుకొచ్చారు. మగ్గాలు ఆగిపోయాయి. ఎప్పుడూ ఖాళీగా కూర్చోని మగవాళ్లు అరుగుల మీద చేరి ఊరికే ఒకరి మీద ఒకరు విసుక్కునేవాళ్లు. అప్పుడు ఎవరికి తట్టిందో, వానలు మొదలయ్యే లోపల ఒక నాటకం నేర్చుకుని ఆడదామనుకున్నారు. నేర్పడానికి బద్వేలు దిక్కు నుంచి ఒకాయనను పిలిపించారు. పిలిచింది మా నాయనే. అందుకని ఆయన బస మా ఇంటి అరుగు మీద.

ఆయన ముసల్మాను. అందరూ సాయిబయ్యవారనేవాళ్లు. మా ఇంట్లో మేము వట్టి అయ్యవారనేవాళ్లం. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గళ్ల లుంగీ, మోకాళ్ల దాకా తెల్లని జుబ్బా. దగ్గరికి పోతే తమలపాకు వాసన, అత్తరు వాసన కలిసి వచ్చేవి. హార్మోనియం పెట్టెను తానే భుజాన మోసుకొచ్చాడు, ఎవరినీ పట్టుకోనివ్వలేదు. దింపుతూనే దాని మీది దుమ్ము తన కండువాతో తుడిచి, తర్వాత అదే కండువాతో మొహం తుడుచుకున్నాడు. మా తమ్ముడు, నేను నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వాము.

పురాణాల పద్యాలు ఆయన నోట వింటే బడిలో అయ్యవార్లు కూడా కళ్లప్పగించి చూసేవాళ్లు. మాకు నేర్పిన నాటకం మాత్రం ఆయన సొంతంగా కట్టుకున్నదే. కరువు పట్టిన దేశానికి రాజు ఒకడు. వాన కోసం రాజ్యం వదిలి మారువేషంలో జనంలో తిరుగుతాడు. ఆ కథ మా సీమలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

అయ్యవారికి వీధిలో వంతులవారీగా అన్నం పెట్టేవాళ్లు. మా వంతు రోజున అవ్వ, అంటే మా నాయన తల్లి, సంగటి కెలికి చెనిక్కాయల ఊరుబిండి నూరేది. రోటి దగ్గర నిలబడితే కాల్చిన మిరపకాయల ఘాటుకు తుమ్ములొచ్చేవి. ఆయనకు వేరే గిన్నె, వేరే లోటా పెట్టింది అవ్వ. వాటిని కడిగి అరుగు మీదే బోర్లించేది. ఆయన అది గమనించనట్టు ఉండేవాడు. తిన్నాక, "పెద్దమ్మా, నీ చేతి ఊరుబిండి తింటే గొంతు రెండు మెట్లు పైకి పోతాండాది" అనేవాడు. అవ్వ లోపలికొచ్చి, "మాటలు మాత్రం శానా నేర్చినాడు" అని గొణిగేది. వారం తిరక్కుండానే మా వంతు కాని రోజు కూడా ఆయనకు ఏదో ఒకటి దాచిపెట్టడం మొదలుపెట్టింది. లోటా మాత్రం వేరేగానే ఉంది.

సందెపొద్దున మా మగ్గం కొట్టంలో నేర్పేవాడు. అది బోదగడ్డి కప్పిన పెద్ద కొట్టం. మగవాళ్లు గోడల వెంట కూర్చునేవాళ్లు. ఆడవాళ్లు కండెలు చుట్టే నెపంతో వాకిట్లో చేరేవాళ్లు, చుట్టడానికి నూలు లేకపోయినా. నేను మగ్గం గుంటలో దూరి, పలక మీద అయ్యవారి మాటలు రాసుకునేదాన్ని. ఎందుకు రాసుకున్నానో తెలియదు. బడిలో చెప్పే పాఠం కంటే అది అసలైన చదువులాగా అనిపించేది.

"స్వగతం అంటే ఏందప్పా?" అని అడిగేవాడు ఆయన. తానే చెప్పేవాడు. "మనసులో మాట. పక్కన నిలబడినోనికి వినపడగూడదు. ఆఖరి వరసలో కూసున్న చెవిటి ముసిలామెకు మాత్రం వినపడాల. ఇప్పుడు చెప్పు సూద్దాం."

పోతే ప్రవేశం. "ప్రవేశమంటే నడిచి రావడం కాదు. నువ్వు రాకముందే జనం మెడలు నీ దిక్కు తిరగాల." నిష్క్రమణ గురించి కూడా అంతే గట్టిగా చెప్పేవాడు. "పోయేటప్పుడు బిర్నా, పరిగెత్తినట్టు, పోవాకండి. మీరు పోయినాక ఆ చోటు ఖాళీగా కనపడాల."

తెర సంగతి వస్తే ఆయన గొంతే మారిపోయేది. "వేషం లేకపోయినా నడుస్తాది. హార్మోనియం లేకపోయినా నడుస్తాది. తెర లేకుంటే మాత్రం నాటకం లేదు. తెర పడి ఉన్నంతసేపు మీరు నేతగాళ్లు. తెర లేచిందంటే మీరు ఎవురో నాకే తెలీదు."

ఇంకొకటి రోజూ చెప్పేవాడు. "ఎదుటోడు మాట మర్సిపోతే నవ్వాకండి. మొగంలో పెట్టాకండి. మీరు అందుకోండి. జనానికి తప్పు కనపడగూడదు."

రాజు వేషం మా నాయనకిచ్చాడు. ఊరంతా ఆశ్చర్యపోయింది. మా నాయన మాటలు తక్కువ మనిషి. షావుకారు ఎదుట నిలబడితే తల వంచుకుని కాలి బొటనవేలు చూసుకునేవాడు. "ఆయప్పనా రాజు!" అని నవ్వినవాళ్లున్నారు. అయ్యవారు, "మగ్గం మీద కూసోని పాడుతాంటే విన్నా. ఆ గొంతు నాకు కావాల" అని ఒక్క మాటన్నాడు.

మొదటి పది రోజులు నాయన నోరు తెరిస్తే నీరసమే. ఆ తర్వాత ఒక సాయంత్రం, రాజు ఆకాశం దిక్కు చూసి మేఘాన్ని అడిగే చోట, "నా రాజ్యం మీదుగా పోతాండావు గదా, వాన ఇయ్యకపోతే మానె, నీ నీడైనా రొంత సేపు నిలిపి పో" అన్నాడు నాయన. అయ్యవారు రాసుకున్న పుస్తకంలో అది గ్రాంథికంలో ఉంది. తడబడి తన మాటల్లో అనేశాడు. అందరూ అయ్యవారు కసురుతాడని చూశారు. ఆయన హార్మోనియం మీద చేతులు ఆపి, "అట్లే ఉండనీ. అదే బాగుండాది" అన్నాడు. వాకిట్లో మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను అప్పుడు.

ఆ రోజు నుంచి మా నాయన నడక మారింది. షావుకారు ఇంటికి పోయినప్పుడు తల ఎత్తి మాట్లాడాడని వీధిలో చెప్పుకున్నారు.

మధ్యాహ్నాలు పెద్దవాళ్లు ఎండకు సోలిపోయి పడుకునేవాళ్లు. అప్పుడు మా నాటకం. పక్కింటి పిల్ల రాణి. మా తమ్ముడు మంత్రి, వాడికి ఒకే మాట, "చిత్తం ప్రభూ." ఎదురింటి పిల్లవాడు రాజు. నాకు ఏ వేషమూ వద్దు. నేను అయ్యవారిని. నాయన పాత కండువా భుజాన వేసుకుని, తమలపాకుకు బదులు చింతాకు నములుతూ, వాళ్లను నిలబెట్టి, నడిపించి, తప్పు పలికితే తొడ మీద చరుచుకునేదాన్ని. అర్దళం అని పెద్దవాళ్లు మొహానికి పూసుకునే పసుపు రంగు పొడి ఒకటి ఉండేది. అది మాకు దొరకదు గనుక అవ్వ పసుపు డబ్బా సగం ఖాళీ చేశాము. అవ్వ ఎలుకల మీద అనుమానపడింది.

అన్నీ కుదిరాయి, తెర ఒక్కటే లేదు. దుప్పటి కట్టి చూశాం. చిరుగుల్లోంచి రాణి కనబడిపోయింది. తెర లేకుంటే నాటకం లేదని అయ్యవారే చెప్పాడు గదా.

ఆ కరువులో కూడా మా ఇంట్లో ఒక చీర తయారైంది. పక్క ఊళ్లో ఒక పెద్ద రైతు ఇంటి పెండ్లికి ముందుగానే చెప్పి, నూలూ పట్టూ వాళ్లే తెప్పించి ఇచ్చి నేయించుకున్న చీర. కుంకుమ రంగు, మామిడిపిందెల అంచు. నాయన నెలకు పైగా దాని మీదే ఉన్నాడు. నేయడం అయిపోయి, మడత పెట్టి, పాత పంచెలో చుట్టి పెట్టెలో ఉంచారు. శుక్రవారం వాళ్లొచ్చి తీసుకుపోవాలి. అది బుధవారం.

నేను పెట్టె తెరిచాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఎగదోయలేదు. ఒక్క పూట కట్టి, మళ్లీ అదే మడతలో పెట్టేద్దామనుకున్నాను. నా చేతుల్లో ఆ చీర చల్లగా, బరువుగా ఉంది. దాన్ని కొట్టంలో దూలానికి తాడు వేసి కట్టాం. తాడు లాగితే పైకి లేచేలాగ. కుంకుమ రంగు తెర కొట్టం నడిమధ్య వేలాడుతుంటే మేం నలుగురమూ తలలెత్తి చూస్తూ నిలబడ్డాం.

కొట్టంలో చీకటిగా ఉందని తెర ముందు కిరసనాయిలు బుడ్డి వెలిగించాను. అదీ నేనే.

"తెర!" అని నేనే అరిచి తాడు లాగాను. తాడు జారింది. చీర ఒక కొస ఊడి బుడ్డి మీద పడింది.

మంట అంత తొందరగా లేస్తుందని నాకు తెలియదు. పిల్లలు కేకలు పెడుతూ బయటికి పరుగెత్తారు. మంట నాలుక పైకప్పు గడ్డి దిక్కు సాగుతుంటే నేను తాడు పట్టుకునే నిలబడ్డాను, వదిలితే ఇంకేమవుతుందోనని. అరుగు మీద పడుకున్న అయ్యవారు లుంగీ ఎగదోపుకుంటూ లోపలికి దూకాడు. మండుతున్న చీరను రెండు చేతులతో పట్టి లాగి, మగ్గం గుంటలో పడేసి, దాని మీద తన కండువా వేసి అదిమాడు. మూలనున్న గంజి కుండ ఎత్తి కుమ్మరించాడు. కొట్టమంతా పొగ. కాలిన పట్టు వాసన, వెంట్రుకలు కాలిన వాసన లాంటిది.

ఆయన నన్ను చూశాడు. "కాలిందా యాడన్నా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను.

"ఎనక్కి పో. ఆ మూలకు పో. గమ్మునుండు."

పోయాను. అప్పటికే జనం పరుగెత్తుకొస్తున్నారు. నాయన వచ్చాడు. గుంటలో చూశాడు. కిందికి దిగి, నల్లగా ముద్దయిన చీర కొసను ఎత్తి పట్టుకున్నాడు. మామిడిపిందెలు రెండో మూడో మిగిలున్నాయి.

"ఎవురు చేసినారు?" అన్నాడు నాయన. గొంతు చాలా చిన్నగా ఉంది.

"నేనే అప్పా" అన్నాడు అయ్యవారు. "తెర యెట్ల లేపాలనో సూద్దామని నేనే కట్టినా. ఇంట్లో అడిగింటే ఇయ్యరని అడక్కుండా తీసుకుంటి. దీపం పెట్టిందీ నేనే. తప్పు నాదే."

నేను మగ్గం వెనక నుంచి అదంతా విన్నాను. కాదు, నేనే అని అనాలి. అనలేదు. ఆయన కుడి చెయ్యి జుబ్బా మడతల్లో దాచుకుని ఉన్నాడు.

జనంలోంచి ఎవరో అన్నారు. "మగ్గం ఎరగనోనికి చీర ఇలువ యెట్ల తెలుస్తాది? మనోడయ్యింటే చేసుండునా?" మా నాయన దానికి అవుననలేదు, కాదనలేదు. ఆయన దిక్కు చూడకుండానే, "అయ్యవారూ, మీరు పెట్టె సర్దుకోండి" అన్నాడు.

ఆయన సర్దుకున్నాడు. ఎండ ఇంకా తగ్గలేదు. హార్మోనియం పెట్టెను ఎడమ భుజం మీదికి ఒక్క చేత్తో ఎత్తుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. ఎవరూ ముందుకు రాలేదు. మూడోసారికి ఎక్కింది. వీధి చివర బస్సు రోడ్డు దాకా నడిచిపోయాడు. నేను వాకిలి చాటు నుంచి చూస్తూనే ఉన్నాను.

మూడు రోజులు నాకు అన్నం దిగలేదు. జ్వరమేమోనని అమ్మ నొసలు పట్టి చూసేది. పెండ్లివాళ్లు వచ్చారు, అరిచారు, వెళ్లారు. వాళ్లు ఇంకెప్పుడూ మా ఇంటి గడప తొక్కలేదు. నాయన వాళ్ల ముందు కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాడు. మిగిలిన పిల్లలు నన్ను చూసి ఒట్టు పెట్టుకున్నట్టు నోళ్లు మూసుకున్నారు.

నాలుగో రోజు అవ్వ నా తలకు నూనె రాస్తోంది. వీధిలో ఎవరో మళ్లీ సాయిబయ్యవారిని తిడుతూ పోయారు. "తిండి పెట్టినందుకు బలే చేసిపాయ" అంది అవ్వ కూడా. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. అవ్వ చెయ్యి నా తల మీదే ఆగిపోయింది. "అయ్యో, ఆ మనిషిని నేనెన్ని మాటలంటినే" అంది. జుట్టు ముడైనా వేయకుండా నా రెక్క పట్టుకుని కొట్టంలోకి తీసుకుపోయింది.

నాయన ఖాళీ మగ్గం ముందు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ఒరే, ఇది చెప్పేది ఇను" అంది అవ్వ. చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. పడుగులోంచి పోగు తోసే నాడెను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత లేచి చొక్కా వేసుకుని, "దాన్ని మొగం కడుక్కోమను" అన్నాడు అవ్వతో.

మైదుకూరులో దిగి బద్వేలు బస్సెక్కాం. బస్సు కోసం కాచుకునేటప్పుడు నాయన పొట్లంలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కొనిచ్చాడు. చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకున్నాను. దారి పొడుగునా ఆయన కిటికీ దిక్కే చూశాడు. అదే మేలనుకున్నాను.

అయ్యవారి ఇల్లు ఊరి చివర చిన్న మట్టిమిద్దె. మేము వాకిట్లో నిలబడేసరికి ఆయన భార్య జొన్నరొట్టె తుంచి ఆయన నోట్లో పెడుతోంది. ఆయన కుడి చెయ్యి మణికట్టు దాకా పాత గుడ్డతో చుట్టి ఉంది. కలబంద వాసన. మూల హార్మోనియం, పైన దుప్పటి కప్పి ఉంది.

"రాప్పా, రా. పాపనూ తెస్తివే" అన్నాడు, మొన్ననే విడిపోయిన చుట్టాల్ని చూసినట్టు.

నాయన ఆ చెయ్యినే చూస్తున్నాడు. "ఇదేంది అయ్యవారూ?"

"ఏం లేదులే. ఇంట్లో నూనె పడింది."

"అయ్యవారూ, పాప అంతా చెప్పింది."

అయ్యవారు నవ్వు ఆపేశాడు. ఆయన భార్య ఒకసారి నా దిక్కు, ఒకసారి ఆయన దిక్కు చూసి రొట్టె కింద పెట్టింది. ఆమెకు కూడా నూనె అనే చెప్పి ఉంటాడు.

నాయన నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. బస్సులో వచ్చినంత సేపూ మాటలు కూడబలుక్కున్నాను. ఆయన ముందు నిలబడేసరికి ఒక్కటీ లేదు. నోరు తెరిచాను, మూశాను. నాయన, "చెప్పు" అన్నాడు. ఇంకా బిగుసుకుపోయాను.

"రొంత ఆగప్పా" అన్నాడు అయ్యవారు. "పాప మాట మర్సిపోయింది." ముందుకు వంగి, కొట్టంలో పెద్దవాళ్లకు అందించే గొంతుతోనే, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా అందించాడు. "తప్పు నాది అయ్యవారూ..."

"తప్పు నాది అయ్యవారూ" అన్నాను.

"మీ చెయ్యి కాలింది..."

"మీ చెయ్యి కాలింది..." అక్కడ నాకు ఏడుపొచ్చేసింది. ఆయన ఇంకేమీ అందించలేదు. ఎడమ చేత్తో నన్ను దగ్గరికి తీసుకున్నాడు. ఆ తర్వాత ఏడ్చింది నేనే కాదు. మా నాయన గడపలో కూర్చుని మొహం మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఎందుకట్ల చెప్తిరి అయ్యవారూ?" అన్నాడు చివరికి. "అంతమందిలో మిమ్మల్ని పొమ్మంటి గదా."

"కోపంలో నువ్వు ఆ బిడ్డను కొడితే, తర్వాత నీ చెయ్యి నువ్వే సూసుకోలేవప్పా. నేను యాడనుంచో వచ్చినోన్ని, పోయేవాన్ని. ఆ బిడ్డ నీ ఇంట్లో ఉండాల్సింది."

ఆ ఇంట్లోనే తిన్నాం. జొన్నరొట్టె, పప్పు. ఇంటికొచ్చాక అవ్వ అడిగింది, "ఆడ తింటిరా?" అని. "తింటిమి" అన్నాడు నాయన. అవ్వ ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రం నాయన వీధిలో ప్రతి అరుగు దగ్గరా ఆగి, జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చాడు. అంత సేపు, అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేను మళ్లీ వినలేదు.

చెయ్యి మానినాక వస్తానన్నాడు అయ్యవారు. వచ్చాడు కూడా, వానలు మొదలైన తర్వాత. అవ్వ ఆయనను ఇంట్లోకి పిలిచి, మా పక్కన కూర్చోబెట్టి వడ్డించింది. తిని, హార్మోనియం ముందు కూర్చున్నాడు. కుడి చేతి రెండు వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి, వంగడం లేదు. మెట్ల మీద వేళ్లు పెట్టి చూశాడు. తప్పు మెట్టు పలికింది. ఇంకోసారి చూశాడు. మళ్లీ అదే. "ఇంగా రొంత టైం పడ్తాది" అన్నాడు. అందరం అవునన్నాం.

అప్పటికి నూలు వచ్చింది. మగ్గాలు ఆడుతున్నాయి. పండగ పోనీ అన్నారు, పంట కోతలు పోనీ అన్నారు. రాణి వేషం వేయాల్సిన మనిషి పెండ్లాం పిల్లలతో బెంగుళూరు మరమగ్గాలకు వెళ్లిపోయాడు. మంత్రి వేషం వేయాల్సినాయనా అతని వెనకాలే పోయాడు. అయ్యవారు రెండుసార్లు కబురు పంపాడు, ఇక్కడి నుంచి ఎవరూ రమ్మనలేదు. తర్వాత కబురూ లేదు. ఆయన పోయిన సంగతి కూడా చాలా రోజుల తర్వాత సంతలో ఎవరో చెబితే తెలిసింది. నాయన ఆ పూట మగ్గం ఎక్కలేదు.

ఆ నాటకం ఆడలేదు. అంత కష్టపడి నేర్చుకున్న ఎనిమిది మంది మనుషుల్లో ఒక్కడు కూడా మొహానికి రంగు పూసుకోలేదు. మా నాయన రాజు వేషం వేయగా చూసినవాళ్లు లేరు. చూడవలసిన ఊరికి అది దక్కకుండా చేసింది నేను. పదేళ్ల పిల్లవు, నీకేం తెలుసని మా ఆయన ఉన్నప్పుడు అనేవాడు. నిజమే, తెలియదు. తెలియకపోయినా జరిగింది జరిగింది.

నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చేనాటికి మా మగ్గం అమ్మేశారు. నాయన కడపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కాపలాకు చేరాడు. ఒళ్లంతా తెల్లటి రాతి పొడితో ఇంటికి వచ్చేవాడు. దగ్గు పట్టుకుంది. ఆఖరి రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నాడు. జ్ఞాపకానికి మాత్రం లోటు లేదు. ఏ చీరకు ఎన్ని పోగుల అంచు వేశాడో, ఎవరింటి పెండ్లికి ఏ రంగు నేశాడో, ఎప్పుడో ముప్పై నలభై ఏళ్ల నాటివి అడక్కుండానే చెప్పేవాడు. అమ్మ మాత్రం, "నిద్దర్లో ఏందో మేఘమంటాడు, రాజ్యమంటాడు" అనేది.

ఒక రోజు మధ్యాహ్నం మందు వేసి, మంచం పక్కన కూర్చుని అడిగాను. అన్నేళ్లు అడగలేనిది ఆ పూట ఎందుకు అడగగలిగానో తెలియదు.

"నాయనా, ఆ నాటకం ఆడకపోతిమే అని నీకు ఎప్పుడన్నా అనిపించిందా?"

"ఏ నాటకం?" అన్నాడు.

"అయ్యవారు నేర్పినది. రాజు వేషం."

నాయన ఆలోచిస్తున్నట్టు పైకప్పు దిక్కు చూశాడు. "ఏమోనమ్మా" అన్నాడు. "ఎప్పటి మాటో. నాకేం గుర్తు లేదు."

అని గోడ వైపుకు తిరిగి పడుకున్నాడు. ఆయన అబద్ధం చెప్పడం నాకు తెలిసి అదొక్కసారే. నేను గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయాను.